పంతొమ్మిదో గేటు

శనివారం. 2024 ఆగస్టు 10. రాత్రి పదకొండు దాటింది.

హోసపేట నిద్రలో ఉంది. ఊరి పక్కనే తుంగభద్ర డ్యాం మీద దీపాలు వెలుగుతున్నాయి. శ్రావణ మాసం. మలెనాడు కొండల్లో దంచికొట్టిన వానలు కాస్త తెరిపిచ్చాయి. పైనుంచి వచ్చే వరద తగ్గింది. జలాశయం అంచుల దాకా నిండి ఉంది. 105 టీఎంసీలు. ఆయకట్టు రైతుల కళ్లకు రెండు పంటలు కనిపిస్తున్నాయి. ఇక కిందికి నీళ్లు వదలాల్సిన పని లేదు. ఎత్తిన గేట్లను దించుకుంటూ రావాలి, అంతే.

అలవాటైన పని. మోటారు తిరుగుతుంది. గొలుసు కదులుతుంది. అరవై అడుగుల వెడల్పు, ఇరవై అడుగుల ఎత్తు ఉన్న ఇనుప తలుపు గాడిలో పడి మెల్లగా జారుతుంది. కింద నురగ సన్నబడుతుంది. ఇలాంటి తలుపులు 33. డెబ్బై ఏళ్లుగా లేస్తున్నాయి, దిగుతున్నాయి. ఆ రాత్రి పంతొమ్మిదోది మాత్రం దిగలేదు.

గొలుసు లంకె తెగింది.

ఒక్క లంకె. తలుపు వెనక నిండు జలాశయం ఉంది. అంత పెద్ద తలుపు నిండా నీళ్లు ఆనుకుంటే ఆ తోపు దాదాపు 340 టన్నులు. పట్టుకునే గొలుసు లేక, ఆపే చెయ్యి లేక, డెబ్బై ఏళ్లు నదిని నిలువరించిన ఆ తలుపు గాడి వదిలి, నీళ్లలో పడి, చీకట్లో ఎటు పోయిందో కూడా తెలియకుండా కొట్టుకుపోయింది. దాని ఖానాలోంచి నది దూకింది. సెకనుకు 35,000 ఘనపుటడుగులు. అంటే దాదాపు పది లక్షల లీటర్లు, ఒక్క సెకనులో. మూసే తలుపు లేదు. ఇప్పుడు డ్యాం మీద ఉన్నవాళ్లను పట్టి కుదిపిన ప్రశ్న ఒక్కటే. మిగతా 32 సంగతేంటి?

ఆలోచించే వ్యవధి లేదు. నిండు డ్యాంలో ఒక్క చోటునుంచే అంత నీరు దూకితే కట్టడం మీద భారం అక్కడే పడుతుంది. పైగా ఇది సిమెంటు డ్యాం కాదు. 1945లో పునాదిరాయి పడి 1953లో పూర్తయిన కట్ట. సున్నం, సుర్కీ కలిపిన గచ్చుతో రాతిని పేర్చి కట్టారు. అందుకే మిగతా గేట్లు కూడా ఎత్తేశారు. లక్ష క్యూసెక్కులు కిందికి పోతున్నాయి. ఆ లెక్కన రోజుకు ఎనిమిదిన్నర టీఎంసీలు. నది దిగువన కౌతాళం, కోసిగి, మంత్రాలయం, నందవరం మండలాల్లో జనాన్ని నది దగ్గరికి వెళ్లొద్దని హెచ్చరించారు. మూడు రాష్ట్రాలు ఒక్కసారి ఉలిక్కిపడి లేచాయి.

తెల్లారింది. కబురు పావగడ చేరింది.

*

పావగడ హోసపేటకు సూటిగా కొలిస్తే 160 కిలోమీటర్లు. తుంగభద్ర పంట కాలువ ఏదీ ఇటు రాదు. తుమకూరు జిల్లాలో ఓ మూలకు తోసుకొచ్చినట్టుండే తాలూకా ఇది. మూడు పక్కలా ఆంధ్ర. ఇంట్లో తెలుగు, కచేరీలో కన్నడ. మడకశిరలో పిల్లనిచ్చి కళ్యాణదుర్గంలో పిల్లను తెచ్చుకునే ఊళ్లు. నాగలమడికె పక్కనుంచి పోయే ఉత్తర పినాకినిలో ఏడాదిలో ఎక్కువ రోజులు ఇసకే. ఎండకు కొదవ లేదు. తిరుమణి చుట్టూ 13,000 ఎకరాల్లో పరిచిన సోలారు పలకలు 2,050 మెగావాట్ల కరెంటు తీస్తాయి. నీళ్లకే కరువు. ఉన్న నీళ్లలో విషం.

ఆ విషం పేరు ఫ్లోరైడు. ఎంత లోతుకు బోరు వేస్తే అంత ఎక్కువ. చిన్నపిల్లల పళ్ల మీద గోధుమరంగు చారలు. నడి వయసుకే వంగని మోకాళ్లు, తిరగని మెడలు. అందుకే పావగడలో తాగే నీళ్లు వేరు, వాడే నీళ్లు వేరు. తాగేవి ఫిల్టరు నీళ్లు. క్యాను పట్టుకుని వరసలో నిలబడాలి. ఈ బాధ తీరాలంటే నది నీళ్లు రావాలన్నారు. తుంగభద్ర వెనక జలాల నుంచి తోడి కూడ్లిగి, మొలకాల్మూరు, చళ్ళకెరె, పావగడ ఊళ్లకు పైపుల్లో పంపే పథకానికి రెండు వేల కోట్లకు పైగా పెట్టారు. పైపులు పడ్డాయి. ట్యాంకులు లేచాయి. జనం కొళాయి వైపు చూస్తున్నారు. సరిగ్గా ఆ సమయంలో ఆ జలాశయమే ఖాళీ అవుతోందని టీవీలో చూపిస్తున్నారు.

ఇనుము నీళ్లలో ఎలా చస్తుందో పావగడ రైతుకు ఎవరూ చెప్పనక్కర్లేదు. మోటారు పైకి లాగే రోజు చూస్తాడు.

బోరు దగ్గర మూడు కాళ్ల స్టాండు నిలబెడతారు. కప్పీ కీచుమంటుంది. వందల అడుగుల లోతునుంచి జీఐ పైపులు ఒక్కొక్కటే పైకొస్తాయి. బిగింపులు బిగిస్తారు, మర విప్పుతారు, పక్కన పడేస్తారు. పైపు నడుమ భాగం ఇంకా బూడిదరంగులో గట్టిగానే ఉంటుంది. మర చుట్లు ఉన్న చోట మాత్రం ఎర్రగా పొక్కి, గోరు పెడితే రాలేలా ఉంటుంది. పైపు తెగి మోటారు బోరులో పడిపోయిందంటే చాలాసార్లు తెగేది అక్కడే. ఒకే పైపు, ఒకే నీళ్లు. నడుమ బతికి, కొస ఎందుకు చచ్చింది?

బూడిదరంగుది జింకు పూత. మర కోసేటప్పుడు ఆ పూత పోతుంది. లోపలి ఇనుము బట్టబయలవుతుంది. పైపు నడుమ చిన్న గీత పడినా పక్కనున్న జింకు ముందుగా తాను కరిగి ఇనుమును కాపాడుతుంది. మర దగ్గర కాపాడటానికి జింకు మిగల్లేదు. మొత్తం రహస్యం ఇదే. రెండు లోహాలు ఒకదాన్నొకటి తాకుతూ ఒకే నీళ్లలో ఉంటే వాటి మధ్య సన్నగా కరెంటు పారుతుంది. రెండింట్లో బలహీనమైనది కరిగిపోతుంది, బలమైనది నిలబడుతుంది. డ్యాం గేటుకైనా, ఓడ అడుగుకైనా, నీళ్లలో మునిగిన పంపు గొట్టానికైనా జింకు దిమ్మో మెగ్నీషియం దిమ్మో బిగించడం ఇందుకే. దాన్ని ఆనోడు అంటారు. అది అరిగిపోవడానికే పుడుతుంది. అది అరిగినన్నాళ్లు గేటు అరగదు. ఈ సంగతి మొదట పట్టుకున్నవాడికి మాత్రం ఇది అవమానమే మిగిల్చింది.

లండన్, 1824. హంఫ్రీ డేవీ అప్పటికే పేరుమోసిన శాస్త్రవేత్త. ఓడల అడుగున తొడిగిన రాగిరేకును సముద్రం తినేస్తోంది, ఏదైనా చెయ్యమని నౌకాదళం అడిగింది. డేవీ రాగికి చిన్న ఇనుప ముక్కలు తగిలించాడు. రాగి కరగడం ఆగిపోయింది. మైకేల్ ఫారడే పక్కనుండి సాయం చేశాడు. సమరాంగ్ అనే యుద్ధనౌక మీద ప్రయోగం. ఓడ తిరిగొచ్చింది. రాగి చెక్కు చెదరలేదు. కానీ ఇలా కాపాడిన ఓడల రాగి మీద నాచు, గవ్వపురుగులు గుంపులుగా అతుక్కోసాగాయి. కరిగే రాగే ఇన్నాళ్లూ వాటిని చంపుతోందని అప్పుడు తెలిసింది. ఓడలు బరువెక్కి నత్తనడక నడిచాయి. నౌకాదళం ఆ ముక్కల్ని పీకి పారేసింది. డేవీ 1829లో పోయాడు. ఆయన చెప్పింది నిజమని ఇనుప ఓడలు వచ్చాక లోకం ఒప్పుకుంది. ఇవాళ విశాఖ రేవులో ఇనుప బోటు ఒడ్డెక్కిందంటే అడుగున చూసే వస్తువుల్లో జింకు దిమ్మ ఒకటి.

ఆ దిమ్మను బిగించి మరిచిపోతే మాత్రం అది ఉన్నా లేనట్టే.

గేటు వెనక నీళ్లలోకి దిగిన డైవరుకు వెలుతురు ఉండదు. ఒండ్రు నీళ్లు. చెయ్యే కన్ను. తడుముకుంటూ పోతే దిమ్మ తగులుతుంది. మీద తెల్లటి పొర పేరుకుని ఉంటుంది. గీకి, మందం కొలవాలి. సగం అరిగిందంటే మార్చాలి. సగం మిగిలింది కదా అని వదిలేస్తే మళ్లీ తనిఖీకి వచ్చేలోగా ఇనుము వంతు మొదలవుతుంది. ఇంకో సంగతి చాలామందికి తట్టదు. ఏళ్ల కిందట బిగించిన దిమ్మ కొత్తదానిలా నిగనిగలాడుతుంటే సంతోషించకూడదు, హడలిపోవాలి. అది పని చెయ్యడం లేదన్నమాట. బోల్టు వదులై లోహం లోహాన్ని తాకడం మానేసి ఉంటుంది. లేదా గేటుకు రంగు వేసినవాళ్లు శుభ్రంగా కనిపించాలని దాని మీద కూడా రంగు పూసి ఉంటారు. రంగు పూసిన ఆనోడు చచ్చిన ఆనోడే.

ఏ నీటికి ఏ దిమ్మ అన్నది కూడా లెక్కే. ఉప్పునీళ్లలో కరెంటు సులువుగా పారుతుంది కాబట్టి జింకు, అల్యూమినియం చాలు. నదుల మంచినీళ్లలో అంత సులువు కాదు. అక్కడ మెగ్నీషియం కావాలి, దాని తోపు ఎక్కువ. రక్షణ అందుతోందా లేదా అన్నది మీటరు చెబుతుంది. రాగి, రాగి సల్ఫేటు కడ్డీతో కొలిస్తే ఇనుము మైనస్ 0.85 వోల్టు దగ్గర గానీ అంతకంటే కిందికి గానీ ఉండాలి. గేటు జారే దారిలో స్టెయిన్‌లెస్ స్టీలు పట్టీలు ఉంటాయి, చక్రాల్లో కంచు బుష్‌లు ఉంటాయి. నీళ్లలో వాటి పక్కన మామూలు ఇనుమే బలహీనం. దిమ్మ లేకపోతే అరిగే వంతు గేటుది.

ఇంత చేసే దిమ్మకూ ఒక హద్దు ఉంది. అది నీళ్లలో మునిగినదాన్నే కాపాడగలదు. నీటి మట్టం లేచి పడే గీత దగ్గర, తడిసి ఆరి మళ్లీ తడిసే గొలుసు దగ్గర, గాలీ తేమా కలిసి ఇనుమును నమిలే చోట దానికి బలం లేదు. అక్కడ కాపలా రంగు, గ్రీజు, మనిషి కన్ను. తుంగభద్రలో తెగింది దిమ్మ చెయ్యి చేరని ఆ గొలుసే.

*

ఆదివారం నుంచి డ్యాం మీదికి మంత్రులు, అధికారులు, కెమెరాలు. కర్ణాటక ముఖ్యమంత్రి సిద్ధరామయ్య వచ్చారు. ఆంధ్ర నుంచి మంత్రులు నిమ్మల రామానాయుడు, పయ్యావుల కేశవ్ వచ్చారు. అందరి ముందూ ఒకే చిక్కు. పోయిన గేటు జాగాలో అడ్డంగా ఇనుప పలకలు దించాలంటే నీటిమట్టం గేటు గడప కిందికి రావాలి. ఇరవై అడుగులు దిగాలి. అంటే దాదాపు 60 టీఎంసీలు నదిపాలు చెయ్యాలి. రెండో పంట పోయినట్టే. మొదటి పంటకూ భరోసా లేదు. నీళ్లు పారుతుండగానే పలక దించొచ్చు అన్నాడు ఒక పెద్దాయన.

ఆయన కన్నయ్య నాయుడు. చిత్తూరు జిల్లా మనిషి. డెబ్బై ఏళ్లు దాటాయి. ఉద్యోగం చేసింది ఇదే డ్యాం నీడన ఉన్న తుంగభద్ర స్టీల్ ప్రాడక్ట్స్‌లో. దేశంలో ఎన్నో డ్యాంలకు గేట్లు చేసి పంపిన ప్రభుత్వ కర్మాగారం అది. నష్టాల్లో పడితే మూసెయ్యాలని 2015లో కేంద్రం తీర్మానించింది. షెడ్లు మూతపడ్డాయి. గేటు బరువు ఎంత, గాడి లోతు ఎంత, పారే నీరు పలకను ఎటు లాగుతుంది అన్న జ్ఞానం మాత్రం ఇలాంటి కొద్దిమంది తలల్లో మిగిలింది. 2021 ఆగస్టు 5 తెల్లవారుజామున పులిచింతలలో 16వ గేటు కొట్టుకుపోయినప్పుడు కూడా కావాల్సి వచ్చింది ఇలాంటి జ్ఞానమే. ఒక దేశం తన డ్యాంల ప్రాణాన్ని రిటైరైన మనుషుల జ్ఞాపకం మీద ఉంచడం ఎంత ప్రమాదమో ఆ వారం చూసినవాళ్లకు అర్థమయ్యే ఉంటుంది.

పథకం తేల్చారు. ఒకే గేటు కాదు, ఐదు అడ్డపలకలు. ఒక్కోటి అరవై అడుగుల పొడవు, నాలుగు అడుగుల ఎత్తు. ఒకదాని మీద ఒకటి పేర్చాలి. తోరణగల్లు జిందాల్ కర్మాగారంలో, హోసపేట వర్క్‌షాపుల్లో రాత్రింబవళ్లు వెల్డింగు మెరుపులు. డ్యాం కట్టినప్పుడు ఇలాంటి పలకలకని వేరే గాడి పెట్టలేదు. పాత గేటు గాడిలోనే కొత్త పలక దిగాలి. అంగుళం తేడా వస్తే ఇరుక్కుంటుంది. ట్రక్కుల మీద పలకలు వచ్చాయి. క్రేన్లు వచ్చాయి. మొదటి ప్రయత్నం కుదరలేదు.

ఎండ లేదు, మబ్బు. కింద నది హోరు ఆగడం లేదు. తుంపర పైకి లేచి మనుషుల మీద పడుతోంది. గాడికి అడ్డొచ్చినవి తొలగించాలి, కొలతలు మళ్లీ చూడాలి, పలకను మళ్లీ ఎత్తాలి. ఆ గంటలన్నీ నీళ్లు పోతూనే ఉన్నాయి. ప్రతి గంటకూ ఎక్కడో కొన్ని ఎకరాలు ఎండుతున్నట్టే.

ఆగస్టు 16. శుక్రవారం. వరలక్ష్మీ వ్రతం. ఇళ్లల్లో కలశాలు పెట్టారు. డ్యాం మీద కూలీలు, వెల్డర్లు, క్రేన్ ఆపరేటర్లు, ఇంజినీర్లు మెడలు వంచి ఒకే చోటికి చూస్తున్నారు. తాళ్లకు వేలాడుతున్న టన్నుల ఇనుము గాలికి ఊగుతూ, నీళ్లు తగలగానే ఒక్కసారి వణికి, ఒక కొస గాడిలో దూరి, రెండో కొస కూడా దూరి, తన కింద ఉరుకుతున్న నదిని అదుముకుంటూ అంగుళం అంగుళం దిగింది. కూర్చుంది. రాత్రి డ్యాం మీద కేకలు, చప్పట్లు. ఇంకా నాలుగు మిగిలాయి.

17వ తేదీకి ఐదూ కూర్చున్నాయి. ఖానా మూసుకుంది. జలాశయంలో 70 టీఎంసీలకు పైగా నీళ్లు దక్కాయి. 60 పోతాయనుకున్న చోట 35 టీఎంసీలలోపే పోయాయి. తర్వాత వానలు కరుణించాయి. సెప్టెంబరు నాటికి డ్యాం మళ్లీ నిండింది. పంట బతికింది. 2025 జులైలో తుంగభద్ర నీళ్ల పథకాన్ని పావగడలో ప్రారంభించారు.

కథ అక్కడితో తీరలేదు. కేంద్ర జల సంఘం మాజీ ఛైర్మన్ ఎ.కె. బజాజ్ నాయకత్వంలో నిపుణులు గేట్లు పరీక్షించారు. పోయింది ఒక్కటే అయినా 33 గేట్లూ మార్చాల్సిందే అన్నారు. 2025లో డ్యాంను 80 టీఎంసీలకు మించి నింపలేదు. నీళ్లు వచ్చాయి. నిలబెట్టే ధైర్యం లేక వదిలేశారు.

ఇది డెబ్బై ఏళ్ల ముసలి డ్యాం గొడవే అనుకోవడానికి వీల్లేదు. ప్రకాశం జిల్లా మల్లవరం దగ్గర గుండ్లకమ్మ ప్రాజెక్టు ఈ శతాబ్దంలో కట్టింది. 2022 ఆగస్టు ఆఖరున మూడో గేటు కొట్టుకుపోయింది. 2023 డిసెంబరులో రెండో గేటు పోయింది. పదిహేనేళ్ల వయసుకే. నీళ్లలో ఇనుముకు వయసుతో పని లేదు. చూసుకున్నారా లేదా అన్నదే లెక్క.

చూసుకోవడానికి అయ్యే ఖర్చు గేటు ఖరీదులో లెక్కకు రానంత. అయినా డబ్బు చాలలేదన్నప్పుడల్లా ముందుగా కోతపడేది ఆ పద్దుకే. కొత్త గేటుకు శంకుస్థాపన ఉంటుంది. పాత గేటుకు గ్రీజు పెడితే ఫొటో ఉండదు.

కాబట్టి ఇది చదివే పావగడ, మడకశిర, హిందూపురం, కళ్యాణదుర్గం వాళ్లు రెండు పనులు చెయ్యండి. మీ ఇంట్లో ట్యాంకు ఉన్న గీజరు ఉంటే లోపల మెగ్నీషియం కడ్డీ ఉంటుంది. మన గట్టి బోరు నీళ్లకు అది తొందరగా కరిగిపోతుంది. ఏడాదికోసారి విప్పించి చూడండి. సగం పోయి ఉంటే మార్పించండి, లేకపోతే ట్యాంకు ఓటిపడుతుంది. రెండోది, మీ చెరువు తూముకో, మీ డ్యాంకో, మీకు నీళ్లు పంపే పంపుహౌసుకో ఇనుప గేట్లు, గొట్టాలు ఉంటాయి. వాటిని నీళ్లలో దిగి ఎప్పుడు చూశారు, ఆనోడు ఎప్పుడు మార్చారు, గొలుసు ఎప్పుడు పరీక్షించారు అని గ్రామసభలో అడగండి. తేదీ చెప్పమనండి. తేదీ చెప్పలేకపోతే సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టి రాతపూర్వకంగా అడగండి.